భుజం మీద మందు

వాళ్ళ ముందు ఇంకా ఐదుగురున్నారు. ఒక్కొక్కరికి పది నిమిషాలు వేసుకున్నా యాభై నిమిషాలు. ఆ తరవాత ఆ తెల్లతలుపు తెరుచుకుంటుంది, నర్సు ఇలింకా పేరు పిలుస్తుంది, లోపల డాక్టరమ్మ ఒక ప్రశ్న అడుగుతుంది: ఇంట్లో ఎవరైనా హార్మోను మందు వాడుతున్నారా? కోన్‌స్టాంట్సా నగరంలో ఆ ప్రశ్నకి జవాబు తెలిసి, ఈ వరండాలో కూర్చున్నవాడు కోర్నెల్ ఒక్కడే. ఒళ్ళో బొమ్మ పెట్టుకుని కాళ్ళూపుతున్న నాలుగేళ్ళ కూతురు ఇలింకాకి తెలియదు. అవతలి పక్కన కూర్చుని, డాక్టరమ్మకి ఇవ్వడానికి తెచ్చిన కాఫీ పొట్లం సంచిలో ఉందో లేదో మూడోసారి తడిమి చూసుకుంటున్న అత్తగారు వెతూరియాకి తెలియదు. రొట్టెల బట్టీలో పొద్దుటి షిఫ్టులో ఉన్న భార్య లుమికి కూడా తెలియదు. జవాబు చెబితే వెంటనే రెండో ప్రశ్న వస్తుంది, ఎందుకు వాడుతున్నావని. దానికి జవాబు వెతూరియా వినకూడదు. చెప్పకపోతే, మంగళవారం ఇలింకాని రాజధాని బుకారెస్ట్ తీసుకెళ్ళి, మత్తు ఇచ్చి, గొట్టంలాంటి యంత్రంలోకి తోసి, ఆ చిన్న కడుపులో లేని గడ్డ కోసం వెతుకుతారు. సంగతి ఇంత తేటగా ఉంది. కోర్నెల్ తన మణికట్టు పట్టుకుని గోడ గడియారం చూశాడు. నిమిషానికి అరవై రెండు. నిద్రపోతున్న మనిషి నాడి.

పది రోజుల నుంచి ఇంతే. పళ్ళ డాక్టరు సూది వేశాక పెదవి మీద వేలు పెడితే వేలికి పెదవి తెలుస్తుంది కానీ పెదవికి వేలు తెలియదు. ఇప్పుడు ఒళ్ళంతా ఆ పెదవిలా ఉంది. కాఫీ వేడిగా ఉందని తెలుస్తుంది, రుచి తెలియదు. లుమి వంటింట్లో ఏడుస్తోందని తెలుస్తుంది, లేచి వెళ్ళాలని కూడా తెలుస్తుంది, కాని కుర్చీకీ తలుపుకీ మధ్య ఉన్న నాలుగడుగులు ఎవరో వేరేవాళ్ళు నడవాల్సిన నాలుగడుగుల్లా ఉంటాయి. ఓడరేవులో అతను నలభై మీటర్ల ఎత్తున క్రేను గదిలో కూర్చుని పనిచేస్తాడు, అద్దం మూస్తే కింద మనుషుల నోళ్ళు కదులుతాయి, మాట వినబడదు, టోపీలు కనిపిస్తాయి, మొహాలుండవు. షిఫ్టు అయ్యాక కిందికి దిగితే ఆ మనుషులకి మొహాలూ గొంతులూ తిరిగొచ్చేవి. ఇప్పుడు దిగినా రావడం లేదు. అంతకుముందు కూడా ఇలాగే, రెండేళ్ళ పాటు ఇలాగే, మధ్యలో ఒక్క వేసవికాలం మాత్రం కిందికి దిగాడు. ఆ ఒక్క వేసవికాలం కోసమే ఇవాళ ఇక్కడ కూర్చోవలసి వచ్చింది.

"ఆ కిటికీ మూయండమ్మా, గాలి దూసుకొస్తోంది, పిల్లలున్నారు," అంది వెతూరియా, అటు పక్క కూర్చున్న అపరిచితురాలితో. ఆవిడ లేచి మూసింది. ఉక్కపోత. అందరి కాళ్ళకీ బూట్ల మీద నీలం ప్లాస్టిక్ తొడుగులు, ఎవరు కదిలినా గరగరమని చప్పుడు. "మీ మనవరాలా? ఎంత చక్కగా ఉంది," అంది ఆవిడ. వెతూరియా వెంటనే పిల్ల వైపు తిరిగి తూ తూ తూ అని మూడుసార్లు గాలిలోకి ఉమ్మింది, పిల్ల మణికట్టుకి కట్టిన ఎర్రదారం సరిచేసింది. ఆవిడ లెక్కలో ఇదంతా దిష్టే. ఎవరో నీలికళ్ళావిడ సముద్రపొడ్డున పిల్లని చూసి కళ్ళార్పలేదట, అప్పట్నుంచి మొదలైందట. మూడు ఆదివారాలు నీళ్ళలో నిప్పులు వేసి మంత్రం చదివింది. నిప్పులు మునిగాయట, అంటే దిష్టి ఉన్నట్టేనట. నిప్పుల సంగతేమో గాని, పిల్ల ఒంటికి ఏదో అంటిన మాట నిజమే. ఎవరి చూపులోంచి అంటిందన్న దగ్గరే ఆవిడ పొరపాటు పడింది. అంటింది చూపులోంచి కాదు, చర్మంలోంచి.

చర్మం. కోర్నెల్‌కి తెలిసిన మొదటి చర్మం రబ్బరు. ఎనభై తొమ్మిది చలికాలంలో అతనికి ఏడాది వయసు, ఊపిరితిత్తులకి జబ్బు చేసింది, అప్పట్లో బక్కగా ఉన్న పిల్లలకి బలం కోసం కాస్త రక్తం ఎక్కించేవారు, ఒక సూదితోనే వరుసగా మంచాలన్నీ చుట్టేవారు, ఆ మంచాల వరుసలో అతనిదెన్నోదో ఎవరికీ తెలియదు. తరవాత పరీక్ష చేశారు. హెచ్‌ఐవీ. అమ్మ ఒకసారి వచ్చింది, గుమ్మంలోంచి చూసింది, మళ్ళీ రాలేదు. అతనూ, తోమిత్సా అనే ఇంకో పిల్లాడూ, అదే జబ్బున్న మరో పదిమందీ ఊరి చివర ఒక ఇంట్లో పెరిగారు. అక్కడి ఆయాలు మంచివాళ్ళే, పాటలు పాడేవారు, జామ్ పూసిన రొట్టె పెట్టేవారు, కాని స్నానం చేయించినా తల దువ్వినా రెండు జతల చేతితొడుగులు వేసుకునే చేసేవారు. రబ్బరు తలకి తగిలి కీచుమనేది. ఆ కీచుమనడమే ముద్దు అనుకునేవాడు. ముట్టుకోకు, రక్తం కారితే కేకెయ్యి, నీ దువ్వెన నీదే, నీ గోళ్ళకత్తి నీదే, దెబ్బ తగిలిన చేత్తో ఆడుకోకు. పాతికేళ్ళ వయసులో లుమి మొదటిసారి చెయ్యి పట్టుకున్నప్పుడు, అంతా చెప్పేశాక కూడా వదలకుండా పట్టుకున్నప్పుడు, అతనికి ఆశ్చర్యమేసింది దేనికంటే, అరచేతికి తడి ఉంటుందని. మనిషి చెయ్యి చెమ్మగా ఉంటుందని.

ఆ తరవాత డాక్టర్ సావా. ఈ ఊళ్ళో తనలాంటి వాళ్ళందరికీ చిన్నప్పట్నుంచీ ఆవిడే డాక్టరు. రోజూ మాత్ర వేసుకుంటుంటే రక్తంలో వైరస్ ఆనవాలు కూడా దొరకనంతగా తగ్గిపోయిందని, లుమికి గాని పుట్టబోయే బిడ్డకి గాని అతని వల్ల రాదని, ఆవిడే చెప్పింది. ఇలింకా పుట్టిన రోజున అతను గదిలోకి వెళ్ళకుండా గుమ్మంలోనే నిలబడిపోతే, ఆవిడే భుజం మీద చరిచి, "వెళ్ళవయ్యా. ఎత్తుకో, ముద్దు పెట్టుకో, గుండె మీద పడుకోబెట్టుకో. నీ ఒంట్లోంచి ఆ పిల్లకి ఏదీ అంటదు," అంది. నీ ఒంట్లోంచి ఆ పిల్లకి ఏదీ అంటదు. ఆ మాటని కోర్నెల్ పాస్‌పోర్టులా దాచుకున్నాడు. ముప్ఫై ఏళ్ళుగా విన్న ముట్టుకోకులన్నిటి మీదా ఆ ఒక్క మాటతో ముద్ర కొట్టేశాడు, రద్దు అని. అన్నిటి మీదా. ముందు చెప్పినవాటి మీదా, తరవాత చెప్పబోయేవాటి మీదా.

నర్సు తలుపు తీసి ఒక పేరు పిలిచింది. వరసలో మొదటున్న గడ్డం అబ్బాయీ వాళ్ళమ్మా లోపలికి వెళ్ళారు. ఇంకా నలుగురు. కోర్నెల్ లేచి నర్సు దగ్గరికి వెళ్ళాడు. "డాక్టరుగారితో ఒక్క నిమిషం ఒంటరిగా మాట్లాడాలమ్మా," అన్నాడు. నర్సు అతణ్ణి చూడకుండానే, "ఇక్కడున్న అందరికీ ఒక్క నిమిషమే కావాలి నాయనా, అందరికీ ఒంటరిగానే కావాలి. కూర్చో," అని తలుపు మూసింది. వెనక్కి వచ్చి కూర్చుంటూ, "అత్తయ్యా, మీరిక్కడ కూర్చోండి, లోపలికి నేను తీసుకెళ్తాను," అన్నాడు. వెతూరియా అతని వైపు తేరిపార చూసింది. "నేనిక్కడ కూర్చుంటే లోపల మాట్లాడేదెవరయ్యా? నువ్వా? నిన్ను పలకరిస్తే గోడని పలకరించినట్టుంటుంది. మొన్న ఆ డాక్టరు దగ్గర నువ్వు నోరు విప్పింది ఎప్పుడు? తుమ్మినప్పుడు." పక్కావిడ నవ్వింది. కోర్నెల్ కూడా నవ్వినట్టు మొహం పెట్టాడు. ఎక్కడెక్కడి కండరాలు కదపాలో గుర్తుంది.

మొన్న. అవును, మొన్న నోరు విప్పలేదు. కాని అది మార్చిలో మొదలైంది. అంతకుముందు రెండేళ్ళు పొద్దున్నే లేవడం అంటే నీళ్ళు నిండిన బూట్లతో మెట్లెక్కడమే. లుమి పక్కకి జరిగితే అతను ఇంకో పక్కకి జరిగేవాడు, కోపంతో కాదు, దేనితోనూ కాదు. దిగులు మాత్రలిచ్చారు, వేసుకున్నాడు, నిద్ర వచ్చింది, దిగులు కూడా పక్కనే పడుకుంది. చివరికి డాక్టర్ సావా పొద్దున్నే ఖాళీ కడుపుతో రెండుసార్లు రక్తం తీయించి, కాగితం అతని ముందు పెట్టి, ఒక అంకె కింద పెన్నుతో గీత గీసింది. "నీ ఒంట్లో మగ హార్మోను ఎనభై ఏళ్ళ ముసలాయనకి ఉన్నంత కూడా లేదు. ఈ జబ్బుతో చాలామంది మగవాళ్ళకి ఇది పడిపోతుంది. ఒట్టి దిగులు మందుతో నెట్టుకొస్తున్నావు, ఎలా కుదురుతుంది?" జెల్ ఇచ్చింది. టెస్టోస్టిరాన్. పొద్దున్నే భుజాలకి రాసుకోవాలి. బయటికొచ్చి తోమిత్సాకి ఫోన్ చేశాడు. తోమిత్సా పక్క ఊరు మంగాలియాలో టాక్సీ నడుపుతాడు, ఆ ఊరి చివర ఇంట్లో పక్కమంచం వాడు. అంతా విని, "ఏంట్రా, భుజాలకి మగతనం పులుముకుంటావా? నాక్కూడా ఒక పాకెట్ పడెయ్, టాక్సీకి పూస్తాను, గేరు పడి చస్తోంది," అన్నాడు. తరవాత గొంతు తగ్గించి, "లుమికి చెప్పావా?" అన్నాడు. చెప్తానన్నాడు కోర్నెల్. చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదు? వరండాలో కూర్చుని అదే కొత్తగా అడుగుతున్నట్టు అడుగుతున్నాడు. జబ్బు సంగతి చెప్పగలిగినవాడు దీని సంగతి ఎందుకు చెప్పలేకపోయాడు? జబ్బు ఎవరో చేసింది. సూది ఎవరిదో, చెయ్యి ఎవరిదో, అతను ఏడాది పిల్లాడు. ఇది మాత్రం ఎవరూ చేసింది కాదు, తన లోపలే, తనలోనే తక్కువ. జబ్బు చెప్పినప్పుడు లుమి చెయ్యి వదల్లేదు, ఇది చెబితే కూడా వదలదు, కాని జాలిగా పట్టుకుంటుందేమో. అందుకని భుజం నొప్పి అన్నాడు. క్రేను పిడులు లాగి లాగి భుజాలు పట్టేస్తున్నాయి, ఆయింటుమెంట్ ఇచ్చారు. అందరూ నమ్మారు. వెతూరియా అయితే, "పెందలాడే రాసుకో, చన్నీళ్ళు తగలనివ్వకు," అని సలహా కూడా ఇచ్చింది. మందు పాకెట్లు ఇచ్చిన రోజున సావా దగ్గర నర్సు గడగడా చదివినట్టు చెప్పింది, రాసుకున్నాక చేతులు కడుక్కో, ఆరాక చొక్కా వేసుకో, పిల్లల్నీ ఆడవాళ్ళనీ ఆ చోట తగలనివ్వకు. కోర్నెల్ తలూపాడు. తగలనివ్వకు. ఆ మాట చెవిలో పడగానే ఎక్కడికి వెళ్ళాలో దానికి దారి తెలుసు. దువ్వెన, గోళ్ళకత్తి, రెండు జతల చేతితొడుగులు, వాటన్నిటి పక్కకి వెళ్ళి కూర్చుంది. వాటన్నిటి మీదా ముద్ర పడి చాలాకాలమైంది. నీ ఒంట్లోంచి ఆ పిల్లకి ఏదీ అంటదు. ఇంకో మనిషైతే, మామూలు మనిషైతే, ఆ నర్సు మాటకి భయపడేవాడు. భయపడీ భయపడీ ఇక భయపడక్కర్లేదని కాగితం తెచ్చుకున్నవాడు భయపడలేదు.

మేలో మొదట తిరిగొచ్చింది కోపం. ఓడరేవు గోడ మీద కూర్చుని రొట్టె తింటుంటే ఒక సముద్రపు కాకి వచ్చి, చేతిలో సాసేజి ముక్క తన్నుకుపోయింది. కోర్నెల్ లేచి దాన్ని అమ్మనాబూతులు తిట్టాడు, బూటు విప్పి విసిరాడు, బూటు నీళ్ళలో పడింది, కింద లంగరు వేసిన ఓడలో ఎవరో విదేశీ నావికులు చప్పట్లు కొట్టారు, ఒంటి బూటుతో నిలబడి అతనికి నవ్వొచ్చింది, నవ్వు ఆగలేదు, పొట్ట నొప్పెట్టింది. ఆ తరవాత జూన్‌లో వీధిలో లిండెన్ చెట్లు పూస్తే ఆ వాసనకి నడవడం ఆపి నిలబడ్డాడు. లుమి మెడ మీద పుట్టుమచ్చ ఉందని గుర్తొచ్చింది. ఒక రాత్రి లుమి, "ఎక్కడికి వెళ్ళొచ్చావు ఇన్నాళ్ళూ?" అంది. ఇక పొద్దుటి పూటలు. ఆరున్నరకి స్నానం చేసి, భుజాలకి జెల్ రాసుకుని, చొక్కా లేకుండా బాల్కనీలో నిలబడేవాడు, ఎండ అప్పుడే చుర్రుమనేది, ఇలింకా నిద్రకళ్ళతో వచ్చి చేతులు చాచేది. ఎత్తుకుంటే ఎడమ భుజం మీద చెంప ఆనించి, నోరు కొంచెం తెరిచి, మళ్ళీ నిద్రలోకి జారేది. చెంప చర్మానికి అతుక్కునేది. అరగంట, ఒక్కోసారి ముప్పావు గంట. రోజూ. వేసవికాలం మొత్తం. దూరంగా ఓడలు కదిలేవి. దాని ఊపిరి మెడకి తగిలేది. తన ఒంటికి అతుక్కుని నిద్రపోయేంతగా ఎవరూ ఎప్పుడూ తనని నమ్మలేదని అతనికి అనిపించేది, ఆ అనిపించడం ఎంత బాగుండేదంటే, దాన్ని ఇప్పుడు గుర్తు తెచ్చుకుంటున్నాడు, బొమ్మ కనిపిస్తోంది, బాల్కనీ, ఎండ, చెంప. అనిపించడం మాత్రం రావడం లేదు. ఎవరో చెప్పిన కథలా ఉంది.

ఇంకా ఇద్దరే. ఇలింకా బొమ్మని కింద పడేసి అతని మోకాలు ఎక్కబోయింది. కోర్నెల్ మెల్లిగా దాన్ని బల్ల మీదికే దించాడు. "నాన్నా, నన్నెందుకు ఎత్తుకోవట్లేదు? బరువెక్కానా?" అంది. "భుజం నొప్పి తల్లీ." "ఇన్ని నెలల్నుంచి రాస్తున్నావు, ఇంకా తగ్గలేదా నీ భుజం?" అంది వెతూరియా. "ఏ కంపెనీ మందో గాని, పడేసి వేరేది వాడు. నేను పందికొవ్వూ మిరియాలూ కలిపి చేసిస్తాను." ఆ మందు ఓడరేవులో అతని బట్టల అరలో, చెయ్యి బాగా లోపలికి పెడితే గాని అందని చోట ఉంది. పదకొండు పాకెట్లు. పదహారు రోజులుగా రాసుకోలేదు, రోజూ స్నానం చేస్తున్నాడు, ఒంటి మీద దాని జాడ కూడా లేదు, ఆ సంగతి తెలుసు. అయినా పిల్లని ముట్టుకోవడం లేదు. బొత్తాం పెట్టాలన్నా బట్ట అంచు పట్టుకుని పెడుతున్నాడు. రెండు జతల చేతితొడుగులు వేసుకున్నట్టే ఉంది. ఇప్పుడవి లోపలి పక్కన ఉన్నాయి.

సెప్టెంబరు మొదట్లో పిల్లకి నీళ్ళు పోస్తూ వెతూరియా కేకేసింది. "లుమీ, ఇటు రా! దీని చంకలో ఓడరేవు కూలీ వాసన వస్తోందే!" అందరూ నవ్వారు. తరవాత ఆవిడ నవ్వడం మానేసింది, లుమిని పిలిచి తలుపు వేసుకుంది, ఇద్దరూ బయటికి వచ్చేసరికి మొహాలు పాలిపోయి ఉన్నాయి. పిల్లకి రాకూడని చోట వెంట్రుకలొచ్చాయి. మొదటి డాక్టరు రక్తం తీశాడు, మగ హార్మోను ఉండాల్సినదానికి ఎన్నో రెట్లుంది. మణికట్టుకి ఎక్స్‌రే తీశాడు, ఎముకలకి ఆరేళ్ళ వయసు. ఆయన గొంతు తగ్గించి మూత్రపిండం మీద ఉండే గ్రంథి గురించి, అక్కడ గడ్డలు పెరగడం గురించి మాట్లాడి, "ఇంట్లో ఎవరైనా హార్మోను మందులు గాని, జెల్ లాంటివి గాని వాడుతున్నారా?" అన్నాడు. కోర్నెల్‌కి అప్పటిదాకా తెలియదు. ఆ క్షణంలో తెలిసింది. ఆ మాట అతని చెవి నుంచి భుజానికి వెళ్ళి అక్కడ ఆగింది. వెతూరియా, "మా ఇంట్లో అలాంటి తెగుళ్ళేం లేవండీ, మేం శుభ్రంగా బతికేవాళ్ళం," అంది. డాక్టరు లేవు అని రాసుకున్నాడు. పెన్ను కాగితం మీద నడిచిన ఆ మూడు సెకన్లలో కోర్నెల్ మాట్లాడి ఉండాల్సింది. ఆ సాయంత్రం స్నానాలగదిలో గడియ పెట్టుకుని, మందుపెట్టెలో మడత కూడా విప్పని కాగితాన్ని మొదటిసారి విప్పి చదివాడు. అన్నీ ఉన్నాయి, వాసన, వెంట్రుకలు, ఎముకలు, అన్నీ వరుసగా, ఇలింకాని చూసి రాసినట్టు. ఆ రోజు నుంచి మానేశాడు. మానేస్తే దానంతటదే పోతుందేమో, ఎవరికీ చెప్పక్కర్లేదేమో అనుకున్నాడు. మూడో రోజు మంగళవారానికి బుకారెస్ట్‌లో తారీకు ఇచ్చారు. ఆరో రోజు కాఫీకి రుచి పోయింది. పదో రోజుకి క్రేను గది అద్దం మూసుకుంది. ఆ అద్దం వెనక ఉన్నవాడు ఈ ఇంట్లో వాళ్ళకి పెద్దగా అవసరం లేడని, పోయినా ఎవరికీ పెద్ద తేడా పడదని, పైనుంచి కిందికి చూసినప్పుడు నలభై మీటర్లు పెద్ద దూరమేం కాదని, ఆ ఆలోచన కూడా వచ్చి వెళ్ళింది. భయం వేయలేదు. ఇవాళ చేపలు కొనాలి అన్నంత మామూలుగా వచ్చి వెళ్ళింది.

"ఇలింకా!" అంది నర్సు.

డాక్టర్ మెరిషాన్ సన్నగా, పొట్టి జుట్టుతో, నిద్ర చాలని మనిషిలా ఉంది. కాఫీ పొట్లం చూసి, "అది వెనక్కి పెట్టండమ్మా," అంది. పిల్లని తెర వెనక్కి తీసుకెళ్ళి చూసింది, బొమ్మ పేరడిగింది, పిల్ల నవ్వింది. కాగితాలన్నీ తిరగేసింది. "ఇంట్లో ఎవరూ హార్మోను మందులు వాడటం లేదని రాసి ఉంది."

"లేదండీ, ఎవరూ లేరు," అంది వెతూరియా.

ఇదే ఆ మూడు సెకన్లు. కోర్నెల్ ఒంట్లో ఏదైనా కదులుతుందేమోనని చూశాడు. చెమట పట్టలేదు, గొంతు ఎండలేదు. ధైర్యం అనేది వస్తే చెబుదామని పదహారు రోజులుగా ఆగాడు. అది రాలేదు, రాదు, అది వచ్చే గదే మూసి ఉంది. అయితే అది లేకుండానే చెప్పొచ్చు కదా అన్న ఆలోచన అప్పుడొచ్చింది. నోరు కదిలితే చాలు. క్రేను పిడి లాగినట్టే.

"నేను వాడాను," అన్నాడు. "టెస్టోస్టిరాన్ జెల్. మార్చి నుంచి. భుజాలకి. పొద్దున్నే చొక్కా లేకుండా దీన్ని ఎత్తుకునేవాణ్ణి. పదహారు రోజుల కిందట మానేశాను."

గొంతు రేడియోలో వాతావరణం చదివినట్టుంది. వెతూరియా తల ఇటు తిప్పింది. డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది.

"ఏ భుజం మీద పడుకునేది?"

"ఎడమ."

"ఎంతసేపు?"

"అరగంట. ముప్పావు గంట."

"ఎందుకు వాడావు?"

"దిగులు. ఒంట్లో ఆ హార్మోను లేదు. హెచ్‌ఐవీ ఉంది. ఏడాది వయసు నుంచి."

"ఎనభై తొమ్మిదా?"

"ఎనభై తొమ్మిది."

డాక్టరమ్మ ఇంకేమీ అడగలేదు. ఈ ఊళ్ళో ఆ ఏడాది చెబితే ఇంకేమీ అడగరు. ఫైల్లోంచి బుకారెస్ట్ కాగితం తీసి, మధ్యకి చించి, చెత్తబుట్టలో వేసింది. అప్పుడు తిట్టడం మొదలుపెట్టింది. "మొన్ననే చెప్పి ఉంటే ఈ పిల్లకి రెండుసార్లు సూది గుచ్చేవాళ్ళం కాదు. వీళ్ళమ్మ రెండు వారాలు నిద్ర లేకుండా ఉండేది కాదు. గడ్డా లేదు గిడ్డా లేదు. తగలడం ఆగింది కాబట్టి చాలావరకు తగ్గిపోతుంది. ఇవాళ మళ్ళీ రక్తం తీస్తాను, నెలకోసారి చూస్తాను, ఎముకల్ని మాత్రం కొన్నేళ్ళు కనిపెట్టుకుని ఉండాలి. ఇక నీ సంగతి. నిన్ను మందు మానెయ్యమన్నదెవరు?"

"ఎవరూ లేరు."

"ఎలా ఉంటున్నావు?"

"లేనట్టు ఉంటున్నాను," అన్నాడు కోర్నెల్. "నేను క్రేను మీద పనిచేస్తాను. నలభై మీటర్లు." ఆ రెండో మాట ఎందుకన్నాడో అతనికి తెలియదు. డాక్టరమ్మకి తెలిసింది. ఫోన్ తీసి, అతని ముందే డాక్టర్ సావా నంబరు వెతికి, తనే మాట్లాడి, మధ్యాహ్నం మూడింటికి రమ్మన్నారని చెప్పింది. మూడు నెలలకోసారి వేసే సూది ఉందట, చర్మం మీద ఏమీ ఉండదట. అప్పటిదాకా క్రేను ఎక్కొద్దంది. "ఒంటరిగా కూడా ఉండొద్దు. ఇప్పుడు పిల్లని ఎత్తుకో. నీ భుజం మీద ఏమీ లేదు." ఎత్తుకున్నాడు. పద్దెనిమిది కిలోలుంటుందేమో. బరువు తెలిసింది. ఇంకేమీ తెలియలేదు. బరువైతే తెలిసింది.

బయటికొచ్చాక బల్ల మీద కూర్చుని వెతూరియా బూట్ల మీది నీలం తొడుగులు లాగేసింది. ఒకటి చిరిగింది. ఇలింకా నర్సు బల్ల దగ్గర రక్తం తీసిన చోట అంటించిన పట్టీని అందరికీ చూపిస్తోంది.

"లుమికి తెలుసా?" అంది వెతూరియా.

"జబ్బు సంగతి తెలుసు. పెళ్ళికి ముందే చెప్పాను. మందు సంగతి తెలియదు. రెండింటికి షిఫ్టు దిగుతుంది, బట్టీ గేటు దగ్గరే చెప్పేస్తాను."

"నేనూ వస్తాను. నువ్వు మళ్ళీ గోడవైపోతావు." చిరిగిన తొడుగుని ఉండలా చుట్టింది. "ఆ చలికాలం నేను కూడా లుమిని తీసుకెళ్ళాను ఆ ఆసుపత్రికి. దగ్గు. బక్కగా ఉంది, రక్తం ఎక్కిద్దామన్నారు. వరుస మెట్ల దాకా ఉంది. కాళ్ళు లాగాయి. వణికించే చలి. పాడు దగ్గు, ఇంట్లోనే చూసుకుందామని వెనక్కొచ్చేశాను. నేను తెలివైనదాన్నై కాదు. కాళ్ళు లాగి."

కోర్నెల్ వంగి తన బూట్ల మీది తొడుగులు తీశాడు.

"ఏడేళ్ళు ప్రతి ఆదివారం నా బల్ల దగ్గర కూర్చుని తిన్నావు. ఒక్క మాట చెప్పలేదు."

"చెబితే పెట్టేవారా అత్తయ్యా?"

వెతూరియా నిజంగానే ఆలోచించింది.

"లేదు," అంది. "పెట్టేదాన్ని కాదు."

లేచి, సంచి భుజానికి తగిలించుకుని, పిల్లని కేకేసి, రెండడుగులు వేసి ఆగింది. వెనక్కి తిరక్కుండానే అంది, "ఇన్నాళ్ళూ దాచుకుని తిన్నావు. ఈ ఆదివారం చెప్పి తిను. వడ్డించేటప్పుడు నా చెయ్యి వణికితే చూడనట్టు ఊరుకో."

"సరే," అన్నాడు కోర్నెల్.